జ్వాలాపురం బూడిదకు ఎన్ని సాక్ష్యాలు?

నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతంలో జుర్రేరు లోయ ఉంది. ఆ లోయలోని జ్వాలాపురం ఊరి చుట్టూ నేల కింద తెల్లటి బూడిద పొర కనబడుతుంది. దాదాపు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో కొట్టుకొచ్చి పడిన బూడిద అది. పొరకు కిందా, పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయి. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిసెట్టర్, వారి సహచరులు 2007 జులైలో ‘సైన్స్’ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. అంత పెద్ద ఉత్పాతాన్ని తట్టుకుని ఇక్కడి జనం బతికి బట్టకట్టారా అన్న చర్చ అక్కడి నుంచి మొదలైంది, ఇంకా ముగియలేదు.

ఈ వ్యాసంలో పట్టించుకునేది ఆ చర్చకు పునాదిగా ఉన్న కొలతలను. బూడిద వయసు చెప్పింది ఒక పరికరం కాదు. అయాన్లను లెక్కపెట్టేవి, కాంతి కణాలను లెక్కపెట్టేవి, గామా కిరణాలను పట్టేవి, ఎక్స్ కిరణాలను విడదీసేవి, ఇలా రకరకాల డిటెక్టర్లు కలిస్తే ఆ వయసు తేలింది. ఒకటికి నాలుగు పరికరాలు ఒకే మాట చెబితే నమ్మకం నాలుగింతలు పెరిగినట్టేనా? కణభౌతిక శాస్త్రంలోనూ, మాస్ స్పెక్ట్రోమెట్రీలోనూ నూరేళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇది. ఇంతవరకు తేలినదాన్ని బట్టి చూస్తే జవాబు పరికరాల సంఖ్యలో లేదు. అవి తప్పుదారి పట్టడానికి కారణాలు వేరువేరుగా ఉన్నాయా, ఒకటేనా అన్నదానిలో ఉంది. ఒకరి నోట విన్న మాటనే నలుగురు వచ్చి పంచాయితీలో చెబితే, చెప్పినవారు నలుగురైనా సాక్ష్యం ఒక్కటే.

రెండు కౌంటర్లు, ఒక్క క్షణం

ఈ పద్ధతికి మొదటి అడుగు జర్మనీలో పడింది. 1924-25లో వాల్తర్ బోథే, హాన్స్ గైగర్ రెండు కౌంటర్లను ఎదురెదురుగా పెట్టారు. ఎక్స్ కిరణం ఎలక్ట్రాన్‌ను ఢీకొన్నప్పుడు చెదిరిన కిరణం ఒక కౌంటర్లోనూ, ఎగిరిపడిన ఎలక్ట్రాన్ రెండో దానిలోనూ ఒకే క్షణంలో నమోదవుతాయా అని చూశారు. నమోదయ్యాయి. శక్తి నిత్యత్వ సూత్రం సగటున మాత్రమే కాక ప్రతి ఒక్క ఢీలోనూ వర్తిస్తుందని దానితో రుజువైంది. ఈ ఏకకాల పద్ధతికే బోథేకు 1954లో నోబెల్ బహుమతి వచ్చింది. 1930లో బ్రూనో రోసీ రెండుకు మించిన కౌంటర్లను కలిపే వాక్యూమ్ ట్యూబు సర్క్యూట్ కట్టాడు. నేటి కణభౌతిక ప్రయోగాలన్నిటిలోనూ ఆ సర్క్యూట్ వారసులే పనిచేస్తున్నాయి.

ఇందులో ఎంత లాభముందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక్కో కౌంటర్ దానంతట అదే సెకనుకు 100 సార్లు వృథాగా మోగుతుందనుకుందాం. రెండు సంకేతాలు ఒక మైక్రోసెకను తేడాలోపు వస్తేనే లెక్కలోకి తీసుకుంటామని నియమం పెడదాం. కాకతాళీయంగా రెండూ కలిసే రేటు 2 × 100 × 100 × ఒక మైక్రోసెకను, అంటే సెకనుకు 0.02, గంటకు 72. మూడో కౌంటర్‌ను చేర్చి మూడూ కలిసి మోగాలంటే ఆ రేటు దాదాపు నాలుగు రోజులకు ఒకటికి పడిపోతుంది. ఒక్క కౌంటర్‌ను అదనంగా పెట్టినందుకు వృథా సంకేతాలు వేల రెట్లు తగ్గాయి.

అయితే ఈ లెక్కంతా ఒక షరతు మీద నడుస్తుంది. కౌంటర్ల వృథా మోతలు దేనికది విడిగా జరగాలి. మూడింటికీ ఒకే కరెంటు లైను ఉండి, పక్కగదిలో మోటారు ఆన్ చేసిన ప్రతిసారీ మూడూ కలిసి మోగితే నాలుగు రోజుల లెక్క చెల్లదు. గుణించడానికి అర్హత ఉన్నది స్వతంత్రమైన అవకాశాలకు మాత్రమే.

కోలారు గనిలో రెండు గోడలు

మన పక్కనే దీనికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. చిత్తూరు జిల్లాకు ఆనుకుని ఉన్న కోలారు బంగారు గనుల్లో తరతరాలుగా తెలుగువాళ్లు, తమిళులు కలిసి పనిచేశారు. అంత లోతైన గని కాస్మిక్ కిరణాల పరిశోధకులకు కూడా పనికొచ్చింది. మియాకె, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి 1962లో ప్రచురించిన కొలతల్లో గని అడుగున నెలల తరబడి చూసినా ఒక్క మ్యుయాన్ (కాస్మిక్ కిరణాల నుంచి పుట్టి నేలలోకి చొచ్చుకుపోయే కణం) కూడా కనబడలేదు. పైనుంచి వచ్చేవి అంత తక్కువైతే, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలు చుట్టూ ఉన్న రాతిలో పుట్టించే మ్యుయాన్లను అక్కడ పట్టవచ్చని తోచింది.

టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హమ్ విశ్వవిద్యాలయాల బృందం 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు బిగించింది. కణం తాకితే మెరిసే ప్లాస్టిక్ సింటిలేటర్లతో రెండు నిలువు గోడలు కట్టి, మధ్యలో నియాన్ ఫ్లాష్ ట్యూబుల వరుసలను, సీసాన్ని పెట్టారు. కణం రెండు గోడలనూ దాటితేనే పరికరం మేలుకుంటుంది. అప్పుడు ఫ్లాష్ ట్యూబులు వెలిగి కణం పోయిన దారిని చూపుతాయి. సింటిలేటర్ సమయం చెబుతుంది, ట్యూబు దారి చెబుతుంది. రెండూ వేరు సూత్రాల మీద పనిచేస్తాయి కాబట్టి ఒకదాని లోపం రెండోదాన్ని అంటదు. రెండు కిలోమీటర్ల రాతిని దాటి పైనుంచి వచ్చే కణాలు దాదాపు నిట్టనిలువుగానే వస్తాయి. అడ్డంగా వచ్చిన కణం కనబడితే అది న్యూట్రినో పుట్టించినదే అయ్యుండాలి. 1965 ఆగస్టులో ఈ ఫలితం అచ్చయింది. అదే నెలలో దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఫ్రెడరిక్ రైన్స్ బృందం వేరే రకం డిటెక్టర్లతో అదే సంగతి ప్రకటించింది. ఖండం, గని, పరికరం, మనుషులు అన్నీ వేరైనా ఫలితం ఒకటే కావడంతో ఎవరికీ అనుమానం మిగల్లేదు.

అదే కోలారు మరో పాఠం కూడా నేర్పింది. 1980ల మొదట్లో అక్కడే 140 టన్నుల ఇనుము, ప్రపోర్షనల్ కౌంటర్లతో ప్రోటాన్ క్షీణత కోసం వెతికారు. క్షీణతలా కనబడిన సంఘటనలు కొన్ని దొరికాయని ప్రకటించారు. అమెరికాలో వేల టన్నుల నీటితో కట్టిన ఐఎంబీ, జపాన్‌లోని కామియోకాండే మాత్రం ఏమీ చూడలేదు. తర్వాత వచ్చిన సూపర్ కామియోకాండే ప్రోటాన్ ఆయుర్దాయం కనీసం 10కి 34వ ఘాతం ఏళ్లని హద్దు కట్టింది. కోలారు సంఘటనలు న్యూట్రినోల చలవేనని ఇప్పుడు ఎక్కువమంది అభిప్రాయం. డిటెక్టర్ పనిచేయలేదని దీని అర్థం కాదు, వందల కౌంటర్లు సరిగానే మోగాయి. కానీ న్యూట్రినో తాకిడి ప్రోటాన్ క్షీణతలా కనబడితే ఆ కౌంటర్లన్నీ కలిసే మోసపోతాయి. ఆ పొరపాటును లోపలినుంచి పట్టుకోవడం కష్టం, వేరే ద్రవ్యంతో వేరే చోట కట్టిన పరికరమే పట్టుకోగలిగింది.

మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తిరగబడిన నియమం

మాస్ స్పెక్ట్రోమీటర్ దగ్గరికి వస్తే బహుళ డిటెక్టర్ల పని మారిపోతుంది. ఇక్కడ ఒకే కణాన్ని రెండుసార్లు పట్టరు. బరువును బట్టి విడిపోయిన అయాన్ ధారల్లో ఒక్కోదానికి ఒక్కో డిటెక్టర్ పెట్టి అన్నిటినీ ఒకేసారి కొలుస్తారు. 1940లలో ఆల్‌ఫ్రెడ్ నీర్ రెండు కలెక్టర్ల పరికరాన్ని తయారుచేశాడు. అయాన్లను పుట్టించే మూలం నిలకడగా ఉండదు, ధార హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది. ఒకే డిటెక్టర్‌తో ముందు ఒక ఐసోటోపును, తర్వాత ఇంకోదాన్ని కొలిస్తే ఆ మధ్యలో వచ్చిన మార్పు నిష్పత్తిలోకి దోషంగా చేరుతుంది. రెంటినీ ఒకేసారి కొలిస్తే ధార తగ్గినప్పుడు రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి, నిష్పత్తి చెక్కుచెదరదు.

కోలారులో ఉమ్మడి దోషం శత్రువు. ఇక్కడ అదే మిత్రుడు, ఎందుకంటే భాగహారంలో కొట్టుకుపోతుంది. మిగిలి ఇబ్బంది పెట్టేది డిటెక్టర్ల మధ్య తేడా. ఫారడే కప్పు అయాన్ ధారను కరెంటుగా కొలుస్తుంది. 10కి 11వ ఘాతం ఓముల నిరోధంతో ఒక వోల్టు చూపిందంటే సెకనుకు 6.24 కోట్ల అయాన్లు పడుతున్నట్టు. పలచటి ధారకు ఇది చాలదు, అందుకు ఒక్కో అయాన్‌ను లెక్కించే ఎలక్ట్రాన్ మల్టిప్లయర్ కావాలి. దానికీ ఓ బలహీనత ఉంది. ఒక అయాన్‌ను లెక్కించాక 20 నానోసెకన్లపాటు మరోదాన్ని చూడలేకపోతే, సెకనుకు పది లక్షల అయాన్ల దగ్గర రెండు శాతం తప్పిపోతాయి. ఒకే పరికరంలో రెండు రకాలూ ఉన్నప్పుడు ఒకదాని కొలతను రెండోదానితో సరిపోల్చి దిద్దుకోవాలి. తెలిసిన నిష్పత్తి ఉన్న ప్రామాణిక వాయువును మధ్యమధ్యలో పంపి ఈ పని చేస్తారు. ఈ దిద్దుబాటు మీద అశ్రద్ధ చూపితే కలెక్టర్లు పెరిగేకొద్దీ కొత్త దోషాలు వచ్చి చేరతాయి.

బూడిద వయసుకు మూడు దారులు

ఇప్పుడు జ్వాలాపురానికి రావచ్చు. మొదటి దారి ఆర్గాన్. పొటాషియం-40 నెమ్మదిగా క్షీణిస్తూ, అందులో కొద్ది భాగం ఆర్గాన్-40గా మారుతుంది. దాని అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు. అంటే 74 వేల ఏళ్లలో పది లక్షల పొటాషియం-40 పరమాణువులుంటే ఆర్గాన్‌గా మారేవి నాలుగే. ఆ కొద్దిపాటి వాయువును గాలిలోని ఆర్గాన్ నుంచి వేరుచేసి గుర్తించాలి. నమూనాను రియాక్టర్లో పెట్టి కొంత పొటాషియంను ఆర్గాన్-39గా మార్చి, తర్వాత లేజర్‌తో వేడిచేసి, 36 నుంచి 40 వరకు ఐదు బరువుల ఆర్గాన్‌ను కొలుస్తారు. పరికరంలోకి వదిలిన వాయువు కొలిచేకొద్దీ తరిగిపోతుంది కాబట్టి ఐదింటినీ ఒకేసారి పట్టే బహుళ కలెక్టర్ల విలువ ఇక్కడ బాగా తెలుస్తుంది. మైకేల్ స్టోరీ బృందం మలేషియాలో దొరికిన టోబా స్ఫటికాలతో 2012లో ఇచ్చిన వయసు 73.88 వేల ఏళ్లు, దోషం 320 ఏళ్లు. డేరన్ మార్క్ బృందం 2014లో ఇచ్చినది 75 వేలు, దోషం 900 ఏళ్లు.

రెండో దారి కాంతి. ఇసుక రేణువు మట్టిలో పూడుకుపోయాక చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం ఇచ్చే రేడియేషన్ శక్తిని దాచుకుంటూ పోతుంది. ప్రయోగశాలలో దాని మీద వెలుగు ప్రసరింపజేస్తే ఆ శక్తి సన్నటి కాంతిగా బయటికొస్తుంది. దాన్ని ఫోటోమల్టిప్లయర్ ఒక్కో ఫోటాన్ చొప్పున లెక్కపెడుతుంది. మొత్తం మోతాదును ఏటా అందే మోతాదుతో భాగిస్తే పూడుకుపోయి ఎన్నేళ్లయిందో వస్తుంది. ఏటా అందే మోతాదు కోసం జర్మేనియం గామా డిటెక్టర్, ప్లాస్మా మాస్ స్పెక్ట్రోమీటర్ వంటివి కావాలి. జ్వాలాపురం మూడో తవ్వక స్థలంలో బూడిద కింది మట్టికి 77 వేల ఏళ్లు, దోషం 6 వేలు, పైమట్టికి 74 వేల ఏళ్లు, దోషం 7 వేలు వచ్చాయి.

మూడో దారి రసాయనం. బూడిదలోని గాజు రేణువుల మీదికి ఎలక్ట్రాన్లను పంపితే ఎక్స్ కిరణాలు వెలువడతాయి. ఈ పని చేసే మైక్రోప్రోబ్ అనే పరికరంలోని స్పెక్ట్రోమీటర్లు ఒకే సమయంలో వేరువేరు మూలకాలను కొలుస్తాయి. ఇది వయసు చెప్పదు, బూడిద ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది. ఆ రసాయనం టోబా చివరి పేలుడుతో సరిపోయింది. మలేషియా స్ఫటికాల వయసును జ్వాలాపురం నేలకు వర్తింపజేసే లంకె అదే.

మూడు దారుల్లోనూ కొలిచే వస్తువు వేరు, ఆధారపడే భౌతిక ప్రక్రియ వేరు, మోసపోయే విధానం వేరు. ఆర్గాన్‌కు పాత స్ఫటికాలు కలిసిపోతే ముప్పు. కాంతి పద్ధతికి రేణువులు పూడేముందు ఎండ సరిగా తగలకపోతే ముప్పు, మట్టిలోని తేమను తప్పుగా అంచనా వేస్తే ముప్పు. రసాయనానికి ఒకే పర్వతం పలుమార్లు ఒకే రకం శిలాద్రవాన్ని కక్కితే ముప్పు. మూడూ ఒకే కారణంతో తప్పు చెప్పే అవకాశం లేదు కాబట్టే జ్వాలాపురం బూడిద వయసు ఇంత గట్టిగా నిలబడింది.

ముడిపడిన దోషాలు

ఈ గట్టిదనానికి హద్దులున్నాయి. కాంతి పద్ధతి ఇచ్చిన రెండు వయసుల క్రమం పొరల క్రమంతో కుదిరినట్టే కనబడుతుంది. కానీ ఆరేడు వేల ఏళ్ల దోషంలో మూడు వేల తేడాను చూసి క్రమం రుజువైందనలేం. పైగా ఒకే గుంటలోంచి తీసిన నమూనాలకు తేమ అంచనా, పరికరం దిద్దుబాటు ఉమ్మడి. పది నమూనాలు తీసినా ఆ భాగం తగ్గదు.

ఆర్గాన్ వయసులు రెండూ కూడా పూర్తిగా విడివిడి సాక్ష్యాలు కావు. గడియారం ఒకటే. నమూనాతో పోల్చి చూసే ప్రామాణిక ఖనిజం వయసును స్టోరీ బృందం ఖగోళ గణన నుంచి తీసుకుంటే, మార్క్ బృందం యురేనియం-సీసం వయసులను కలిపి లెక్కగట్టిన స్థిరాంకాల నుంచి తీసుకుంది. రెండు ఫలితాలూ దోషపు హద్దుల దగ్గర కలుస్తాయి. మిగిలిన తేడాలో ప్రామాణికాల ఎంపిక పాత్ర ఎంతో విడదీయకుండా రెంటినీ సగటు కట్టడం తెలివైన పని కాదు.

రసాయనం ఒక్కదాన్నే నమ్మితే ఏమవుతుందో మహారాష్ట్రలోని బోరి, మోర్గావ్ చూపాయి. అక్కడి బూడిదను గాజు కూర్పు చూసి టోబా చివరి పేలుడుదేనని చాలామంది వాదించారు. మార్క్ బృందం ఆర్గాన్‌తో చూస్తే అది లక్షల ఏళ్ల పాతదని, టోబా ముందటి పేలుళ్ల కాలానిదని తేలింది. పరికరం తప్పు కొలవలేదు. కొలిచిన గుణం ఒక పేలుడును మరోదాని నుంచి వేరుచేయడానికి చాలలేదు.

కణభౌతికంలో దీనికి సాటి 2011 నాటి ఓపెరా ఉదంతం. సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసోకు వచ్చిన న్యూట్రినోలు కాంతికన్నా 60 నానోసెకన్లు ముందు చేరాయని ఆ బృందం ప్రకటించింది. నమోదైన సంఘటనలు 15 వేలకు పైనే. అన్నిటికీ సమయం చెప్పింది మాత్రం ఒకే గడియారపు గొలుసు. అందులో ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిగా బిగియలేదు. ఎన్ని వేల సంఘటనలైనా ఆ కేబుల్ దగ్గర ఒక్కటే అయ్యాయి. అదే గ్రాన్ సాసోలో వేరే డిటెక్టర్‌తో కొలిచిన ఇకారస్ బృందం 2012లో న్యూట్రినోలు కాంతివేగాన్ని మించలేదని చెప్పింది. ఆ ఏడాదే జులై 4న హిగ్స్ కణాన్ని ప్రకటించినప్పుడు అట్లాస్, సీఎంఎస్ అనే రెండు డిటెక్టర్ల మాట వినడం వెనక ఉన్నదీ ఈ జాగ్రత్తే. రెంటి అయస్కాంతాలు, పదార్థాలు, బృందాలు వేరు. అయినా తాకిడులు ఇచ్చే యంత్రం ఒక్కటే, సిద్ధాంత గణనలు చాలావరకు ఉమ్మడి. అందుకే ఫలితాలను కలిపేటప్పుడు ఉమ్మడి దోషాలను ప్రత్యేకంగా లెక్కించారు.

నంద్యాల-ఆళ్లగడ్డ పొలాల్లో

ఈ విచారణ గతానికే పరిమితం కాదు. కేసీ కాలువ నీటితో పండే నంద్యాల, ఆళ్లగడ్డ పొలాల్లో వరి, పత్తి, మిరప పంటలకు పురుగుమందు కొట్టని సీజను ఉండదు. ఎగుమతికి పోయే మిరపకాయ అవశేషాల పరీక్ష దాటాలి. ఆ పరీక్షలో పాతకాలపు పనిముట్టు గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌కు తగిలించిన ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్. జేమ్స్ లవ్‌లాక్ 1950లలో తయారుచేసిన దీనిలో సాధారణంగా నికెల్-63 నుంచి వచ్చే బీటా కణాలు వాయువులో ఎలక్ట్రాన్లను విడుదల చేస్తాయి. క్లోరిన్ ఉన్న మందు వస్తే ఆ ఎలక్ట్రాన్లను మింగేస్తుంది, కరెంటు పడిపోతుంది. చాలా సున్నితమైనదే, కానీ ఎలక్ట్రాన్లను మింగే ప్రతిదానికీ స్పందిస్తుంది. మిరపలోని ఇతర పదార్థాలు, ప్లాస్టిక్ నుంచి వచ్చే థాలేట్లు కూడా మందులా నటించగలవు.

అందుకే ఇప్పుడు టాండెమ్ మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ధ్రువీకరించుకుంటారు. మందు అణువును ముక్కలుచేసి రెండు వేరు ముక్కలను చూస్తారు. వాటి పాళ్లు ప్రామాణిక నమూనాతో 30 శాతం లోపు తేడాలో కుదరాలి. కాలమ్ నుంచి బయటికొచ్చే సమయం కూడా కలవాలి. ఇక్కడ మూడు గుర్తులున్నాయి, మందు పేరు చెప్పడానికి చాలు. మోతాదు ఎంత అన్న దగ్గర మాత్రం మూడూ ఒకే గిన్నెలోని ద్రవం మీద ఆధారపడ్డవే. మిరప రంగు పదార్థాలు అయాన్ల పుట్టుకను అణచివేస్తే రెండు ముక్కల సంకేతాలూ కలిసే తగ్గుతాయి. చేలో ఒక మూలనే కాయలు కోసి నమూనా పంపితే ఏ డిటెక్టరూ దాన్ని సరిదిద్దలేదు. రైతుకు వచ్చిన నివేదికలో పరికరం పేరు ఎంత పెద్దదైనా, నమూనా ఎలా తీశారన్నది మొదటి ప్రశ్నగానే ఉంటుంది.

తేలినది, తేలనిది

నూరేళ్ల అనుభవం నుంచి కొన్ని సంగతులు ఖాయంగా చెప్పవచ్చు. కాకతాళీయ శబ్దాన్ని తగ్గించడానికి ఒకే రకం డిటెక్టర్లను పెంచితే చాలు. నిష్పత్తిని కచ్చితంగా కొలవాలంటే ఒకే ధారను ఒకేసారి పంచుకునే డిటెక్టర్లు కావాలి, వాటి మధ్య తేడాను ఎప్పటికప్పుడు దిద్దుకోవాలి. కొలత అర్థమే తప్పేమో అన్న అనుమానం ఉన్నప్పుడు ఈ రెండూ పనికిరావు. వేరే సూత్రం, వీలైతే వేరే చోటు, వేరే బృందం కావాలి. ఈ మూడు అవసరాలను కలగాపులగం చేసి, డిటెక్టర్ల సంఖ్యను మాత్రమే చూపి నమ్మమనే వ్యాసాలు ఇప్పటికీ వస్తున్నాయి.

జ్వాలాపురం విషయంలో ‘ఎప్పుడు’ అన్నది గట్టిపడింది, ‘ఎవరు’ అన్నది గట్టిపడలేదు. బూడిద కిందా పైనా ఒకే సంప్రదాయపు పనిముట్లు ఉన్నాయి కాబట్టి ఆధునిక మానవులే నిలదొక్కుకున్నారని పెట్రాగ్లియా బృందం వాదం. పాల్ మెల్లర్స్ తదితరులు 2013లో దాన్ని తిరస్కరించి, ఆధునిక మానవులు ఇక్కడికి టోబా తర్వాతే వచ్చారన్నారు. ఆ పొరల్లో మనిషి ఎముక దొరకలేదు. ఎంత సూక్ష్మమైన ఆర్గాన్ కొలతైనా పనిముట్టు చేసిన చేయి ఎవరిదో చెప్పలేదు. బూడిద మందాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. మూడో స్థలంలో పొర రెండున్నర మీటర్లున్నా, ఆకాశం నుంచి నేరుగా పడింది అడుగున ఉన్న కొద్ది సెంటీమీటర్లే. మిగిలింది వాననీటికి చుట్టుపక్కల నుంచి కొట్టుకొచ్చి చేరింది.

చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. బూడిదను తవ్వి అమ్ముకోవడం వల్ల పొరలు పోతున్న చోట మిగిలిన గోడల నుంచి నమూనాలు తీసి భద్రపరచాలి. ఒకే నమూనాను రెండుగా చీల్చి, వేరు ప్రామాణికాలు వాడే రెండు ప్రయోగశాలలకు పంపాలి. హైదరాబాద్ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో మాస్ స్పెక్ట్రోమీటర్లున్నాయి, అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాలలో ఇసుక కాంతిని కొలిచే అనుభవం ఉంది. ఫలితాలు వచ్చాక, అవి కలిసినా కలవకపోయినా, ఒక ప్రశ్న వేయాలి: ఈ రెండు కొలతలూ తప్పయ్యేట్టుంటే ఒకే కారణం వల్ల అవుతాయా? అవునని జవాబొస్తే మనకు ఉన్నది ఇంకా ఒక్క కొలతే, మూడోదాని కోసం డబ్బు ఖర్చుపెట్టాల్సింది అక్కడే.